జాడీ మీద వంగిన ముఖాలు

పోయినవారం మనం తాతయ్యని స్నానాల గది గడప మీద వదిలిపెట్టాం.

వారం దాటినా ఒంటి మీద చెంబెడు నీళ్ళు పోసుకోకుండా, ఒకే బనీను విప్పకుండా, ఎవరెంత మొత్తుకున్నా "ఉండండర్రా, ఒక పని మీదున్నాను" అని తప్ప మరోమాట చెప్పకుండా ఇంటిల్లిపాదినీ హడలగొట్టిన ఆ పెద్దాయన, ఓ పొద్దున్న ఎవరూ అడక్కుండానే తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. కొత్త సబ్బు సగం అరిగేదాకా రుద్దుకున్నాడు. బనీను ఏదని కూతురు అడిగితే "పారేశాన్లే" అన్నాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ చేపల కోల్డ్ స్టోరేజీలో ఐసు పెట్టెలు మోసి, పని మానేశాక ఆ వాసన వదిలించుకోవడానికి రెండుపూటలా ఒళ్ళు తోముకునే మనిషికి ఈ వెర్రి ఎందుకు పుట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన కూతురు, అంటే మన పిట్ట వాళ్ళమ్మ, ఆయన పడుకునే వెనక గది కిటికీలన్నీ బార్లా తెరిచి, దిండు గలీబులు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పిట్టకి మాత్రం ఒక మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ వారంలో ఓ సాయంత్రం తాతయ్య వచ్చి సోఫాలో పక్కన కూచోబోతే తనే అంది: "నా దగ్గరికి రాకు తాతయ్యా, కంపు కొడుతున్నావు." ఆయన కోప్పడలేదు. నవ్వి, దూరంగా కుర్చీ లాక్కున్నాడు. ఎందుకు నవ్వాడో ఆ పిల్లకి అప్పుడు తెలియలేదు.

ఇది జరిగిన కొన్నాళ్ళకి కాలేజీ వాళ్ళు పిట్ట క్లాసునంతా ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళారు.

పిట్ట అనేది ముద్దుపేరు. చిన్నప్పుడు అన్నం ముద్ద నోట పెట్టుకోవడం మానేసి ఒక్కో మెతుకే ఏరుకు తినేదని తాతయ్య పెట్టాడు. ఇప్పుడు డిజైన్ కాలేజీలో చివరి సంవత్సరం. షాపుల్లో, మ్యూజియాల్లో వస్తువుల్ని ఎక్కడ పెట్టాలి, ఏ ఎత్తులో పెట్టాలి, దీపం ఎటునుంచి పడాలి, ఇదీ ఆ పిల్ల చదువు. తీసుకెళ్ళిన మాస్టారు గుమ్మంలోనే పని అప్పజెప్పాడు: "బొమ్మల్ని తర్వాత చూద్దురుగాని. వాటి ముందు మనుషులు ఎలా నిలబడుతున్నారో, ఎక్కడ వంగుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో గీసి తీసుకురండి."

మూతబడిన పాత ప్రింటింగ్ ప్రెస్సుకి సున్నం కొట్టి గ్యాలరీ చేశారు. నేల మీద సిరా మరకలు కావాలనే ఉంచేశారు. మొదటి గదిలో ఒక పాత సోఫా, దాని చిరుగుల్లోంచి కుచ్చులు కుచ్చులుగా మనిషి వెంట్రుకలు వేలాడుతున్నాయి. రెండో గదిలో నమిలి పారేసిన బబుల్‌గమ్ముతో చేసిన పెద్ద పరుపు. జనం దాని చుట్టూ తిరుగుతూ, తలలు పక్కకి వాల్చి "ఎంత లోతుగా ఉంది" అనుకుంటున్నారు. ఒకాయన గమ్ము మీద పడిన పంటిగాట్లకి ఫోను ఆనించినంత దగ్గరగా పెట్టి ఫొటో తీస్తున్నాడు.

"నాకు కడుపులో తిప్పుతోంది," అంది పిట్ట.

"అదేనే దీని ఉద్దేశం," అంది పెన్సిల్. పెన్సిల్ అంటే పిట్ట స్నేహితురాలు. సన్నగా, పొడుగ్గా ఉండి, జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరిగే పిల్ల. "కడుపులో తిప్పకపోతే డబ్బులు వాపసు ఇచ్చేస్తారేమో."

మూడో గదిలో జాడీలున్నాయి.

నున్నటి తెల్ల జాడీలు, మూతలతో సహా. ఒక్కోటి ఒక్కో బల్ల మీద. పేరు లేదు, చీటీ లేదు. గుమ్మం దగ్గర నల్ల చొక్కా వేసుకున్న కుర్రాడు ఒకే మాట అందరికీ చెబుతున్నాడు: "మూత తీయండి, వాసన చూడండి, మళ్ళీ మూత పెట్టేయండి."

"లోపల ఏముంటుంది?" అని అడిగింది పెన్సిల్.

"మనుషులు," అని పళ్ళికిలించాడు.

పిట్ట మాస్టారు చెప్పిన పని మొదలుపెట్టింది. చూడగానే రెండు తప్పులు కనబడ్డాయి. బల్లలు ఉండాల్సిన ఎత్తులో లేవు. నడుం దాకా వంగితే తప్ప జాడీలోకి ముక్కు అందదు. దీపాలు కూడా తిన్నగా లేవు. వెలుగు జాడీ మీద పడాల్సింది పోయి, దాని మీదికి వంగిన మనిషి ముఖం మీద పడుతోంది. "ఎవరు డిజైన్ చేశారో గానీ సున్నా మార్కులు" అని పుస్తకంలో రాసుకుంది.

తర్వాత తనూ మూతలు తీయడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో పసిపిల్లల పాలవాసన. ఒకదాంట్లో ఆస్పత్రి. ఒకదాంట్లో జిమ్ముకి వెళ్ళొచ్చిన కుర్రాడి బూట్లు. అన్నీ అరిగిన బట్టలు, మడిచి పెట్టినవి. ఒక్కో మూత తీసినప్పుడల్లా ఎవరో ఒకరు ముఖం వికారంగా పెట్టడం, చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వడం. జంటలు ఒకరినొకరు జాడీల మీదికి తోసుకుంటున్నారు. తిరనాళ్ళలో పిల్లల్లా అయిపోయారు పెద్దవాళ్ళంతా.

"అది చూడు, ఆ కిటికీ పక్కది! అందరూ ఒక్క గెంతు వెనక్కి గెంతుతున్నారు," అని పెన్సిల్ చెయ్యి పట్టి లాగింది.

పిట్ట వంగింది. మూత తీసింది.

ముఖం మీద ఎవరో తడిగుడ్డతో కొట్టినట్టయింది. పుల్లటి చెమట, మాగిన నూనె, అడుగున ఎక్కడో నిలవ నీచు. గొంతులోకి డోకొచ్చింది. మూత వదిలేసి, ముక్కు చేత్తో పట్టుకుని, గది మొత్తం వినబడేలా అరిచింది:

"ఛీ! ఎవడో చచ్చి, లేచొచ్చి, మళ్ళీ ఇంకోసారి చచ్చినట్టుంది!"

గది గదంతా గొల్లుమంది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ "భలే అన్నావమ్మాయ్" అంది. పిట్టకి లోపల ఒకింత గర్వం కూడా కలిగింది. దాచడమెందుకు, కలిగింది.

ఆ గది దాటితే నల్ల తెర. తెర వెనక చీకటి గది. ఒక గోడ నిండా వీడియో.

గోడ మీద ముఖాలు. తలుపంత పెద్ద ముఖాలు, ఒకదాని తర్వాత ఒకటి, కిందికి వంగుతూ, ఊపిరి పీలుస్తూ, ముడుచుకుపోతూ. ప్రతి జాడీ ఎదురుగా గోడలో ఎక్కడో ఒక కెమెరా ఉందన్నమాట. దీపం ముఖం మీద పడింది అందుకు. బల్ల కిందికి ఉన్నది అందుకు. తను సున్నా వేసిన చోట ఎవరో నూటికి నూరు తెచ్చుకున్నారని పిట్టకి అప్పుడర్థమైంది. చీకట్లో కూచున్న జనం ఒక్కో ముఖాన్నీ చూసి నవ్వుతున్నారు.

ఇంతలో తన ముఖం వచ్చింది.

పిట్ట తనని తాను అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు. పైపెదవి మెలితిరిగి ఎగిరింది, చిగుళ్ళు బయటపడ్డాయి, ముక్కు పుటాలు రెండు గుంటల్లా తెరుచుకున్నాయి, కళ్ళు చిన్నవై ఒకరకమైన చులకనతో మెరిశాయి. గోడలోంచి తన గొంతు గట్టిగా వినబడింది: "ఛీ! ఎవడో చచ్చి, లేచొచ్చి..." చీకటంతా మళ్ళీ నవ్వింది. ముఖం కింద తెల్లటి అక్షరాల్లో ఒక వాక్యం వచ్చి నిలిచింది.

ఈ జాడీ యజమాని: డెబ్భై దాటిన పెద్దాయన. చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేశారు.

పిట్ట ఆ వాక్యం రెండోసారి చదివింది. కాదు, అయ్యుండదు, ఊళ్ళో చేపల గోదాముల్లో ఎంతమంది పనిచెయ్యలేదు! అనుకుంటూనే తెర తోసుకుని జాడీల గదిలోకి పరుగెత్తింది. కిటికీ పక్క జాడీ దగ్గర వరసకట్టి ఉన్నారు. ముందున్న కుర్రాడు వెనకవాడికి చెబుతున్నాడు: "ఇందాక ఒకమ్మాయి అందట్రా, రెండుసార్లు చచ్చినట్టుందని." పిట్ట వాళ్ళని తోసుకుని వెళ్ళి మూత తీసింది. ఈసారి మెల్లిగా ఊపిరి పీల్చింది. పంటినొప్పికి రాసుకునే లవంగ నూనె. మోకాళ్ళ బామ్. ఆ కింద, ఏ సబ్బూ వదిలించలేని తడి చెక్కపెట్టెల నీచు. బనీను భుజం దగ్గర నీలం దారంతో అతుకు. మొదటి సెమిస్టరులో కుట్లు నేర్చుకుంటూ, "తాతయ్యా నీ బనీను ఇవ్వవూ, దీని మీద ప్రాక్టీసు చేస్తా" అని అడిగి మరీ వేసిన అతుకు. వంకర కుట్టు. తన చేతి కుట్టు.

"చూశావుగా, ఇంక జరుగు," అన్నాడు వెనక కుర్రాడు.

పిట్ట వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళింది. చన్నీళ్ళు కొట్టుకుని అద్దంలోకి చూడబోయి, గోడ మీది ముఖం గుర్తొచ్చి చూడలేకపోయింది. వెనకాలే వచ్చిన పెన్సిల్ సంగతంతా విని ముందు నమ్మలేదు. నమ్మాక అడిగింది:

"తాతయ్యకి తెలియకుండా తెచ్చారంటావా?"

"ఏం చెప్పి తెచ్చారో! సన్మానమని చెప్పుంటారు. పాపం ఆ వెర్రివాడు వారం రోజులు స్నానం మానేసి మరీ ఇచ్చాడు. అమ్మ చేత బతిమాలించుకున్నాడు. నా చేత కంపు కొడుతున్నావనిపించుకున్నాడు. ఆఖరికి ఇక్కడికొచ్చి మళ్ళీ నేనే..." పిట్ట కొళాయి కట్టేసింది. "ఆ వీడియో తీయించేస్తాను. ఆయన కళ్ళ పడకూడదది."

పెన్సిల్‌ని మాస్టారికి సర్దిచెప్పమని పంపించి, నల్ల చొక్కా కుర్రాణ్ణి నిలదీసి, ఆర్టిస్టు ఎక్కడుందో కనుక్కుంది పిట్ట. చీకటి గది వెనకాల చిన్న గది. లోపల ఒక పొడుగు బల్ల, దాని మీద నాలుగైదు టీవీ తెరలు. తెరల ముందు నలభై ఏళ్ళావిడ, చేనేత చీర, పొట్టి జుట్టు, టీలో బిస్కెట్ ముంచుకు తింటోంది. జాడీల మీద వంగి జనం వాంతి చేసుకోబోతుంటే, అది చూస్తూ బిస్కెట్ ఎలా దిగుతోందో ఈవిడకి అని పిట్టకి ఒళ్ళు జలదరించింది.

"కూచో," అందామె. "రెండుసార్లు చచ్చినట్టుంది అన్న అమ్మాయివి నువ్వే కదూ? అందరికంటే మంచి ముఖం నీదే."

"నా ముఖం తీసెయ్యండి మేడమ్."

"ఎందుకు?"

"మీరు అడక్కుండా తీశారు కాబట్టి."

"బయట బోర్డుంది. లోపల కెమెరాలున్నాయని రాసే ఉంది. మీ క్లాసులో ఎవరూ చదవలేదు, అందరూ మనుషులెలా నిలబడుతున్నారో చూసే హడావిడిలో ఉన్నారు." బిస్కెట్ సగం విరిగి టీలో పడింది. వేలితో తీసి నోట్లో వేసుకుంది. "మనిషి ముఖం అబద్ధం చెప్పలేని క్షణం ఒకటుంది. వాసన ముక్కుకి తగిలిన మొదటి క్షణం. మర్యాద ఆ తర్వాత వస్తుంది. ఆ మొదటి క్షణం కోసమే ఇదంతా."

"మీ క్షణాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఆ జాడీలో ఉన్నది మా తాతయ్య బనీను!"

ఆర్టిస్టు ఆశ్చర్యపోతుందని, కనీసం నొచ్చుకుంటుందని పిట్ట అనుకుంది. ఆమె చెయ్యి తుడుచుకుంది.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"మీ క్లాసుని పిలవమన్నది ఆయనే."

పిట్ట కుర్చీ పట్టుకుని నిలబడింది.

"నేను పెద్దవాళ్ళ సెంటరుకి వెళ్ళాను, పగలంతా క్యారమ్స్ ఆడుకుంటారే, అక్కడికి. ఒక్కరోజు వేసుకున్న బట్ట ఇస్తే చాలన్నాను. అందరూ మొహమాటపడ్డారు. మీ తాతయ్య ఒక్కడే ముందుకొచ్చి, 'ఒక్కరోజుకి ఏం వస్తుందమ్మా, చేసేదేదో సరిగ్గా చెయ్యాలి, వారం వేసుకుని ఇస్తాను' అన్నాడు. జనం ముఖాలు తనకీ చూపించాలని ముందే మాట తీసుకున్నాడు. మా మనవరాలు డిజైన్ చదువుతోంది, వాళ్ళని పిలు, నా జాడీ అని మాత్రం చెప్పకు అన్నాడు."

"అబద్ధం. మా తాతయ్య అలాంటివాడు కాదు."

"ఎలాంటివాడు మరి?"

పొద్దున్న లేస్తే కనబడే మనిషి, అన్నం దగ్గర ఎదురుగా కూచునే మనిషి, తనకి పేరు పెట్టిన మనిషి. ఎలాంటివాడు?

"ఎందుకు చేస్తున్నావని నేనూ అడిగాను," అంది ఆర్టిస్టు, ఈసారి కాస్త మెత్తగా. "మా ఇంట్లో అందరూ మర్యాదస్తులమ్మా అన్నాడు. అంతకుమించి చెప్పలేదు."

అప్పుడే తలుపు తోసుకుని లోపలికొచ్చాడు తాతయ్య.

ఇస్త్రీ చొక్కా. పాపిడి తీసి దువ్విన తెల్లజుట్టు. రోజూ వాడే సబ్బు వాసన ఆయనకంటే ముందు గదిలోకి వచ్చింది. చీకటి గదిలోంచే నడిచొచ్చి ఉంటాడు, తెర చాటునుంచి ఇంకా నవ్వులు వినబడుతూనే ఉన్నాయి.

"వచ్చావా పిట్టా," అన్నాడు, బజార్లో ఎదురుపడినంత మామూలుగా. "చూశాను నీది. మాట బాగా కుదిరిందే. చచ్చి, లేచొచ్చి, ఇంకోసారి చచ్చాడని. గోదాములో ఇంతమందితో పనిచేశాను, ఈ మాట ఒక్కడికీ తట్టలేదు."

"తాతయ్యా, నువ్వని నాకు తెలీదు!"

"తెలిస్తే?"

"తెలిస్తే అలా అంటానా?"

"అనవు. అదే నేననేది కూడా." ఆయన కుర్చీ లాక్కుని తెరల ముందు కూచున్నాడు, మోకాళ్ళు చేత్తో పట్టుకుని, మెల్లిగా. "నీ మీద నాకేం కోపం లేదే. ఇంట్లో నువ్వొక్కదానివే నా ముఖం మీద అన్నావు, కంపు కొడుతున్నావు, రాకు అని. ఎంత హాయిగా అనిపించిందో తెలుసా! నీ ముఖం నాకు కొత్త కాదు. నాకు కావాల్సింది మీ అమ్మ ముఖం."

"అమ్మా?"

"సెంటరు వాళ్ళు నాకు శాలువా కప్పుతున్నారని చెప్పి తీసుకొచ్చాను. నాలుగు జాడీలు చూస్తూ ఉండు, లోపలికెళ్ళి వస్తానన్నాను."

తాతయ్య తెరల వైపు వేలు చూపించాడు. జాడీల గది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని తిన్నగా వచ్చినట్టుంది, షాపు వాళ్ళిచ్చిన నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది, భుజాన హ్యాండ్‌బ్యాగు. నల్ల చొక్కా కుర్రాడు తన పాఠం ఒప్పజెబుతున్నాడు. అమ్మ మర్యాదగా తలాడిస్తోంది.

"ఏం చేస్తున్నావో నీకు తెలుస్తోందా తాతయ్యా?"

"తెలుస్తోంది." ఆయన కళ్ళు తెర మీంచి కదల్లేదు. "అది స్కూల్లో చదివేటప్పుడు పిల్లలు దాన్ని చేపా, చేపా అని పిలిచేవాళ్ళట. అది నాకు చెప్పలేదు. వాళ్ళ టీచరు చెబితే తెలిసింది. నేను స్కూలు దగ్గరికి వెళితే నవ్వుతూనే వచ్చేది, కాకపోతే రోడ్డు మీద నాలుగడుగులు ముందు నడిచేది. ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. పెళ్ళయి వెళ్ళేరోజు నన్ను పట్టుకుని ఏడ్చింది, ఊపిరి బిగబట్టి. భుజం మీద తల పెడితే తెలిసిపోతుందే, ఊపిరి తీస్తున్నారో లేదో. ఇప్పటికీ నాకు కాఫీ ఇచ్చి వెనక్కి తిరిగేదాకా ఊపిరి తియ్యదది. ఇన్నేళ్ళూ నా ముందు ఒకటే ముఖం పెట్టుకుని తిరుగుతోంది. దాని వెనకాల ఉన్న ముఖం ఒక్కసారి చూడాలని ఉందే నాకు. అది ఎంత వికారంగా ఉన్నా సరే."

పిట్టకి తాతయ్య మీద జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ ఆ జాలి అడుగునుంచి మరొకటి పొంగుకొచ్చింది. కన్నకూతుర్ని మాయమాటలు చెప్పి తీసుకొచ్చి, దీపం కింద నిలబెట్టి, దొంగచాటుగా కెమెరాలో చూడ్డానికి కుర్చీ వేసుకు కూచున్న ఈ ముసలాయన, పక్కన బిస్కెట్ పొడి దులుపుకుంటూ ముందుకి వంగిన ఆవిడ, ఇద్దరూ ఒకటే అనిపించారు. తల తిప్పుకోవాలనిపించింది. తాతయ్యని చూసి అలా అనిపించడం ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఇది బాగాలేదు తాతయ్యా. అసహ్యంగా ఉంది."

"ఉంటుంది," అన్నాడాయన.

"నేను వెళ్ళి అమ్మని తీసుకొచ్చేస్తాను."

"వెళ్ళు. నేను పట్టుకున్నానా?"

పిట్ట తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. రెండు గదులు దాటితే చాలు, అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించెయ్యొచ్చు. ఆ పిడి తిప్పడం ఎంతసేపు! తిప్పలేదు. మెడ తనంతట తనే తెరవైపు తిరిగింది. తనకీ చూడాలని ఉంది. ఆ సంగతి తెలిసిన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది, గోడ మీది ఆ చిగుళ్ళూ ఆ చులకన కళ్ళూ నిజంగా తనవే అనిపించింది. అయినా తిప్పలేదు.

తెర మీద అమ్మ మొదటి జాడీ మూత తీసింది. వాసన చూసి, చిన్నగా నవ్వి, మూత పెట్టింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. షాపులో కళ్ళజోడు నచ్చక పది తిరగేసిన వాళ్ళని సాగనంపేటప్పుడు పెట్టే ముఖమే, జాడీల ముందు కూడా అదే పెట్టింది.

"చూశావా," అని గొణిగాడు తాతయ్య. "నేనెదురుగా లేకపోయినా అంతే."

అమ్మ కిటికీ పక్కకి వచ్చింది. ముందున్న జంట ముక్కులు పట్టుకుని, నవ్వుకుంటూ పక్కకి తప్పుకున్నారు. దీపం అమ్మ నుదుటి మీద, చెంపల మీద పడింది. అమ్మ వంగింది. మూత తీసింది.

గదిలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

అమ్మ ముఖం కదల్లేదు. నవ్వలేదు, చిట్లించలేదు, వెనక్కి జరగలేదు. వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఛాతీ పైకి లేచింది, మెల్లిగా దిగింది, మళ్ళీ లేచింది. ఊపిరి తీస్తోంది. గుండెల నిండా తీస్తోంది.

"గుర్తుపట్టలేదా ఏమిటి?" అన్నాడు తాతయ్య. ఆయన గొంతు మారిపోయింది.

అమ్మ తలెత్తి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. చెయ్యి జాడీలో పెట్టింది. బనీను బయటికి తీసి, ఇంట్లో ఉతికిన బట్టలు మడిచినట్టే చకచకా మడిచి, హ్యాండ్‌బ్యాగులో కుక్కి, జిప్పు లాగేసింది. నల్ల చొక్కా కుర్రాడు "అయ్యో, అమ్మా, అది ముట్టుకోకూడదండీ!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, అంతే, కుర్రాడు ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఎవరైనా ఆపండి ఆవిణ్ణి!" అంటూ ఆర్టిస్టు టీ ఒలకబోసుకుని లేచింది.

బయట బోర్డు చదివే వచ్చినట్టుంది, అమ్మ అప్పుడు గోడలో ఎక్కడో దాచిన కెమెరా కోసం వెతికింది. వెతికి, పట్టుకుంది. తిన్నగా దానిలోకి చూసింది. తెర మీద అమ్మ ముఖం ముగ్గురి ముందూ నిండుగా నిలబడింది. ఆ ముఖం పిట్ట ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మర్యాద అనేది అందులో వెతికినా లేదు.

"నాన్నా," అంది. మాట మైకులోంచి గదంతా మోగింది. "నువ్వు లోపల కూచుని చూస్తున్నావని నాకు తెలుసు. చూడాల్సింది చూశావుగా. ఇప్పుడు నేను నీతో ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళూ ఊపిరి ఎందుకు బిగబట్టానో చెబుతాను. బయటికి రా."

తాతయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. పిట్ట ఆయనకోసం తలుపు తెరిచి పట్టుకుంది.

ఆయన మనవరాలి ముఖం వైపు కూడా చూడకుండా గది రెండోవైపు నడిచాడు. గ్యాలరీ వెనక సందులోకి తెరుచుకునే ఇంకో తలుపు ఉందక్కడ. దాని గడియ తీస్తున్నాడు.